నిండుకుండ

రాత్రివేళ పుస్తకము ముందుంచుకొని కూర్చున్నప్పుడెల్ల, తలపై గాజుబుడ్డిలో వెలుగుచున్న తీగకంటె దాని చుట్టును కంటికి కనబడక క్రమ్ముకొనియున్న ఆర్గాన్ వాయువే నా మనస్సును ఎక్కువగా ఆకర్షించును. 2,000 డిగ్రీల సెంటిగ్రేడు మించిన వేడిమి చెంతనున్నను అది తీగతో కలియదు. పైగా తీగలోని టంగ్‌స్టన్ త్వరగా ఆవిరియై పోకుండ అడ్డుపడి దాని యాయువును పెంచుచున్నది. 1894లో రాలీ, రామ్సే పండితులు గాలినుండి దీనిని వేరుచేసి, ఏ పదార్థముతోను కలియకుండుట చూచి, గ్రీకు భాషలో 'సోమరి' యను నర్థము వచ్చు పేరు పెట్టిరి. మనము పీల్చు గాలిలో నూటికి 0.93 వంతులుండియు యుగములుగా ఎవ్వరి దృష్టికిని రాని దానికి లోకమిచ్చిన తొలి బిరుదు అది!

ఈ సోమరితనమునకు కారణము శూన్యత కాదు, పూర్ణత. ఆర్గాన్ పరమాణువులో కేంద్రకము చుట్టును ఎలక్ట్రానులు 2, 8, 8గా అమరియున్నవి. సోడియమునకు వెలుపలి కక్ష్యలో ఒక్కటే కలదు, క్లోరినుకు ఒకటి కొఱత. ఆ యొక్కటి చేతులు మారగా సోడియము నియాన్ విన్యాసమును, క్లోరిను ఆర్గాన్ విన్యాసమును పొంది, రెండును మన వంటింటి ఉప్పగుచున్నవి. నిండుకుండ తొణకదన్న పెద్దల మాట పరమాణువులకును చెల్లినదని నేను చిరకాలము మురిసితిని.

1962లో నీల్ బార్ట్‌లెట్ చేసిన ప్రయోగము ఆ మురిపెమును కలతపెట్టెను. ప్లాటినము హెక్సాఫ్లోరైడు ఆక్సిజన్ అణువునుండి సైతము ఎలక్ట్రానును లాగికొనుట గమనించి, ఆర్గాన్ వలెనే సోమరియని పేరుబడిన జెనాన్ వాయువునుండి ఒకదానిని వేరుచేయుటకును ఇంచుమించు అంత శక్తియే చాలునని గ్రహించి, ఆ రెంటిని కలిపి నారింజ కలసిన పసుపువన్నె గల ఘనపదార్థమును అతడు సాధించెను. జెనానుకును వెలుపల ఎనిమిది ఎలక్ట్రానులే. అష్టకమునకు లోటు లేదు. అయినను వానికిని కేంద్రకమునకును నడుమ నాలుగు కక్ష్యలు నిలిచియున్నవి. కేంద్రకమును అంటిపెట్టుకొనినట్లున్న రెండే ఎలక్ట్రానుల హీలియమునుండి ఒకదానిని పెరుకుటకు 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను, జెనానుకు 12.1 చాలును.

నేనెరిగిన తృప్తులును ఇట్టివే. గ్రంథములు, మిత్రులు, నలుగురిలో మంచిపేరు అని వరుసలుగా పేర్చుకొన్న నిండుదనము, ప్రబలమైన ఆకర్షణ దరిచేరనంతకాలము నిశ్చలముగనే యుండెను. చేరిననాడు వెలుపలి యంచునుండి జారెను. జారుట పతనమేయని యనజాలను. జెనాన్ తనది కొంత విడిచినందుననే గదా క్రొత్త వన్నె యొకటి పుట్టినది. కాని ఇంతకాలము ఎన్ని కలవని యెంచుకొంటినేగాని, అవి నాలోపలికి ఎంత దూరమున నున్నవో ఒక్కనాడైనను కొలుచుకొననైతిని.