పండుగనాటి కృతజ్ఞత ఎవరికి?

పండుగదినమున విస్తరి ముందు కూర్చున్న మనుష్యుడు మొట్టమొదట కన్నులు మూసికొని దేవునకు నమస్కరించును. పిమ్మట కన్నులు తెరచి భక్ష్యముపై నేయి వేయించుకొనును. ఈ రెండు పనులతో ఎవరికేమి చెల్లవలెనో అంతయు చెల్లిపోయినదని అతని నమ్మకము. మేము ముప్పది యేండ్లకు పైగా కచేరీలో కాగితములు నడపినవారము గనుక మాకీ నమ్మకమునందు చిన్న సందేహము కలదు. గుమాస్తా ఏ మనవి చేసికొన్నను అది ‘త్రూ ప్రాపర్ ఛానెల్’ పోవలెను. అనగా నడుమనున్న అధికారులందరి చేతిమీదుగా పైకి పోవలెను. పండుగనాటి కృతజ్ఞత మాత్రము నడుమనున్న వారి నెవ్వరిని తాకక తిన్నగా వైకుంఠమునకో కైలాసమునకో పోవుచున్నది. పొయ్యియొద్ద నున్నవారికి దాని నకలైనను అందదు. ఇది న్యాయమా యన్నదే మా ప్రశ్న.

చదువరులు మమ్ము నాస్తికులుగా ఎంచవలదు. దేవునకు చెల్లవలసినది చెల్లవలసినదే. పండుగ సుఖములు అల్పములనియు మేమనము. తెల్లవారుజామున నలుగుపిండి పరిమళము, అప్పుడే కోసి తెచ్చిన మామిడాకుల తేమ, ఇంకను గంజి పోని క్రొత్త పంచె నడుమున నిలువక జారుచుండుట, పిల్లలు నైవేద్యము కాకముందే భక్ష్యపు అంచు త్రుంచి నోట వేసికొని నిరపరాధులవలె నిలుచుండుట, వీనికి వెల కట్టగలవా రెవ్వరు? మాబోటి చిరుద్యోగులకు మరియొక సుఖము కూడ నుండెడిది. అది పండుగ అడ్వాన్సు. వడ్డీ లేదు; పది కంతులలో జీతమునుండి కోసికొనెడివారు. పండుగ ఒక దినము, దాని ఋణము పది మాసములు. కడపటి కంతు తీరి రెండు మాసములు ఊపిరి పీల్చునంతలో మరల పండుగ వచ్చెడిది. అయినను అడ్వాన్సు చేతబడిన సాయంకాలము కచేరీ మెట్లు దిగు గుమాస్తా నడకలో జమీందారుని ఠీవి కానవచ్చెడిది. దానిని తలచుకొన్నప్పుడు మాకు నవ్వు వచ్చును. ఆ నవ్వులోనే ఆ దినములకు దండము పెట్టబుద్ధియు పుట్టును. నవ్వునకును కృతజ్ఞతకును ఏదో చుట్టరికము కలదని మాకు తోచినది అచ్చటనే.

మా భాల్కి పట్టణము బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి ఆనాడు మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. అప్పుడు పాత బీదరు జిల్లాను మూడు ముక్కలు చేసిరి. ఉద్గీరు, నీలంగా, అహ్మదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయి నేడు మహారాష్ట్రమున నున్నవి. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు పోయి నేడు తెలంగాణమున నున్నవి. మాది కన్నడదేశమున నిలిచినది. వియ్యములు మాత్రము విడిపోలేదు. కనుక ఉగాదినాడు ఇచ్చట ఒకే వీథిలో మూడు భాషలవారు ఒకే వేపచేదును రుచి చూతురు. కన్నడిగుల యింట అది వేపతో కలిపిన బెల్లము. మరాఠీల యింట గుఢీ నిలిపి వేపాకు నమలుదురు. మన యింట షడ్రుచుల పచ్చడి. పూర్ణము పెట్టి కాల్చినదానిని మనము భక్ష్యమందుము, ఒకరు హోళిగె యందురు, మరియొకరు పురణ్‌పోళీ యందురు. పేళ్ళు మూడైనను దానిని కాల్చు మనిషి తీరొక్కటే. ఆమె తెల్లవారుజామున మూడు గంటలకు లేచును. అందరును తిని లేచిన పిమ్మట మధ్యాహ్నము మూడు గంటలకు తినును. ఈ పండ్రెండు గంటల లెక్క ఏ హాజరుపట్టీలోను ఎక్కదు.

అట్లని మన పెద్దలు కృతఘ్నులా యన్నచో, కానే కారు. జ్యేష్ఠ పూర్ణిమనాడు తెలుగు రైతులు ఏరువాక యని ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులు పూయుదురు. అదే దినమున కన్నడ రైతులు కార హుణ్ణిమె యని అదియే చేయుదురు. మరాఠీ రైతులకు పోళా కలదు. సంక్రాంతి మరునాడు కనుమ. ఏడాదియంతయు ముల్లుగర్రతో పొడిచిన ఎద్దునకు ఆ యొక్క దినమున సెలవిచ్చి, హారతి పట్టి, భక్ష్యములు తినిపింతురు. దసరాకు ఆయుధపూజ. కచేరీలో టైపుమిషనుకు గంధము పూసి, ఇనుప బీరువాకు పూలదండ వేసి, జీపు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టెడివారు. ఆ బీరువా తలుపు ఏడాదిపొడుగున మమ్ము ఏడిపించినదే. అయినను దానికిని దండ పడెడిది. ఎద్దునకు దినము కలదు, ఇనుమునకు దినము కలదు. వంటయింటి మనిషికిని, కలుపుతీయు మనిషికిని ఏ తిథి వ్రాసియున్నదో యని పంచాంగము తిరుగవేసి చూచితిమి, కానరాలేదు.

ఈ లోటు మన యొక్కరిదే కాదు. అమెరికాలో కృతజ్ఞత కొరకే ఒక పండుగ కలదు. 1863లో అధ్యక్షుడు లింకను దానిని దేశమంతటికి ప్రకటించెను. 1941లో చేసిన చట్టము ప్రకారము నవంబరు మాసపు నాల్గవ గురువారమున జరుపుకొందురు. ఆ పండుగకు టర్కీకోడి ముఖ్యము. 1989లో అధ్యక్షుడు పెద్ద బుష్షు ఒక టర్కీకోడికి క్షమాభిక్ష పెట్టినది మొదలు అది యేటేట జరుగు వేడుకయైనది. అచ్చటికిని కోడికి క్షమాభిక్ష దొరకినది. దానిని కాల్చు ఇల్లాలికి సెలవు దొరకిన వార్త మాత్రము మా కంటబడలేదు.

మా ప్రాంతపు పండుగలలో మాకు మిక్కిలి ప్రీతియైనది ఎళ్ళ అమావాస్య. మార్గశిర మాసాంతమున, అనగా డిసెంబరు జనవరి నెలల నడుమ వచ్చును. ఆ దినమున భాల్కి అంగళ్ళలో ఈగలు తోలుటకైనను మనిషి యుండడు. అందరును పొలములలో నుందురు. జొన్న, కంది, శనగ నిలిచియున్న చేనిలో జొన్నసొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో అయిదు రాళ్ళకు సున్నము పూసి పాండవులని పూజింతురు. సజ్జరొట్టెలు, మజ్జిగలో జొన్నపిండి కలిపి పులియబెట్టిన అంబలి, పచ్చి గింజలును ఆకుకూరలును కూరగాయలును కలిపి వండిన భజ్జి ఆనాటి భోజనము. చేను చుట్టు తిరిగి ఆ వంటకమును నేలకును చల్లుదురు. భూమి గలవారు భూమి లేనివారిని పిలుచుకొనిపోవుట ఆచారము. మాకు పెన్షను కలదు గాని చేను లేదు. కనుక ప్రతి యేడును ఎవరో ఒకరి చేనిలో అతిథులమే.

కొన్నేండ్ల క్రిందట అట్లే ఒక మిత్రుని చేనికి పోయితిమి. పూజ ముగిసినది. గృహస్థు చేతులు జోడించి, ఈ యేటి పంట ఇచ్చినది మీరే యని ఆ రాళ్ళకు మ్రొక్కెను. వెనుక ఒక ముసలి కూలిమనిషి నిలుచుండెను. ఆ చేనిలోనే కలుపుతీసి నడుము వంగిన మనిషి. ఆమె కన్నడమున అన్నదానిని మా తెలుగున చెప్పినచో, “అవును దొరా, ఈ అయిదుగురు శ్రావణంల నా పక్కనే కూర్చొని కలుపు తీసిన్రు. భీముడైతే నాకంటె రెండు సాళ్ళు ముందుగాలనే ఉండె” అన్నది. అందరును పగలబడి నవ్విరి. గృహస్థును నవ్వెను, మంచివాడు, మొగము మాడ్చుకొనలేదు. పిమ్మట భోజనమునకు లేచితిమి. మొదటి బంతి మగవారికిని అతిథులకును, రెండవ బంతి పిల్లలకు. ఆ ముసలిదానికి మూడవ బంతిలోగాని వడ్డన అందలేదు. అప్పటికి భజ్జి గంగాళమునకు అడుగు కనిపించుచుండెను.

తిరిగి వచ్చునప్పుడు త్రోవలో మేమీ మాట ఎత్తగా, మాతో వచ్చిన ఒక మరాఠీ పంతులుగారు, ఉద్యోగము విరమించినవారు, మాతో వాదించిరి. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. “మన భాషలలో అమ్మకు ధన్యవాదములు చెప్పు అలవాటున్నదా? ఆ మాట సభలలో వినబడునే గాని వంటయింట వినబడదు. తల్లికి వందన సమర్పణ చేసినచో ఆమెను పరాయిదానిని చేసినట్లగును. మన కృతజ్ఞత ఎకసెక్కెములో నున్నది. ఈసారి భక్ష్యము నోట కరగుచున్నదే, పొరుగింటివారు పంపినారా యని మగడడుగును, ఆమె గరిటె చూపును, లెక్క సరిపోవును” అనిరి. ఇంకను ఒక దృష్టాంతము చెప్పిరి. నిజాము కాలమున, కన్నడము నేర్పుటకు అనుకూలము లేని దినములలో, మా భాల్కి హిరేమఠపు చెన్నబసవ పట్టద్దేవరు బడి బయట ఉర్దూ పలక కట్టి లోపల కన్నడ పాఠములు చెప్పించిరి. ఇది ఇచ్చటి పిల్లలకును తెలిసిన కథ. “మన పండుగకును అంతే. బయటి పలకపై దేవుని పేరు, లోపలి పాఠము మనుష్యులది. పలకను చూచి పాఠమును నిర్ణయింపకుడు” అని పంతులుగారు తేల్చిరి.

ఆ పోలిక మాకు మిక్కిలి నచ్చినది. కాని పట్టద్దేవరు లోపల నిజముగా పాఠము చెప్పించిరి. పలక కట్టి బల్లలు ఖాళీగా నుంచలేదు. మన యిండ్లలో లోపలి పాఠము సాగుచున్నదా లేదా యన్నది చూడవలెను గదా. ఎకసెక్కెము సంగతియు అట్టిదే. తినువాడు వండినవారిని చూచి నవ్వుట సులభము. అది ఏ పూటనైనను చెల్లును. వండినవారు తినువానిని చూచి, కలుపుతీసినవారు చేనుగలవానిని చూచి నవ్వినప్పుడే కృతజ్ఞత గట్టిదో పెళుసుదో తేలును. అప్పిచ్చినవాని పరిహాసమును అప్పు తీసికొన్నవాడు ఓర్చుకొనవలెను. ఓర్చుకొని, కొంత చెల్లింపవలెను. ఆనాడు చేనిలో నవ్వు మంజూరైనది గాని కంతు మొదలు కాలేదు. నవ్విన గృహస్థు ముసలిదానిని పిలిచి తన ప్రక్కన పీట వేయించి యుండినచో పంతులుగారి వాదమునకు మేము తల యొగ్గియుందుము.

మా జిల్లాలోని కల్యాణమున 12వ శతాబ్దమున బసవేశ్వరుడు చెప్పిన కాయకము ఈ విషయమునకు దగ్గరిదే. చేతిపని పూజకు తక్కువది కాదనియు, దానివలన వచ్చినది దాసోహముగా పంచుకొనవలెననియు ఆ శరణుల మతము. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణముగా వ్రాయగా, 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. ఎవరు ఎవరికి ఋణపడిరన్న దానిపై కన్నడ మిత్రులును మేమును ఉగాదినాడు అరుగుమీద కూర్చుండి కీచులాడుకొందుము. అదియు ఒక పండుగ సుఖమే.

గడచిన ఉగాదికి మా కోడలు, “మామయ్యా, ఎద్దులకు ఇచ్చినట్టు మాకూ ఒక పూట సెలవు ఇప్పించండి” అని నవ్వుచు అర్జీ పెట్టినది. మంజూరు చేసితిమి. ఇల్లాలిని, కోడలిని, మా యింట పాత్రలు తోము మనిషిని మొదటి బంతిలో కూర్చుండబెట్టి, మేమును మా కుమారుడును పెనము ముందు నిలిచితిమి. పూర్ణము మాత్రము ఆడవారు ముందుగనే రుబ్బి యుంచిరి. మా చేతి మొదటి భక్ష్యము గుండ్రముగా రాక పాత బీదరు జిల్లా పటమువలె వచ్చినది; పెనముమీద తిప్పబోవగా మూడు ముక్కలైనది. “ఉద్గీరు నాకు, జహీరాబాదు అత్తయ్యకు, భాల్కి మీరే ఉంచుకోండి” అని కోడలు విస్తరి చాచినది. మా ఇల్లాలు కన్నీళ్ళు వచ్చునంతగా నవ్వినది. పాత్రలు తోమునామె మాత్రము నవ్వక, పీట అంచున ఇబ్బందిగా కూర్చుండి, వడ్డించుటకు లేవబోవుచుండెను; మూడుసార్లు కూర్చుండుమని చెప్పవలసివచ్చినది. నాల్గవ భక్ష్యము కొంత గుండ్రముగా కుదిరినది. దానిని ఆమె విస్తరిలో వేసి, ఎట్లున్నదని అడిగితిమి. ఆమె ఒక ముక్క నమిలి, కొంతసేపు ఆలోచించి, “ఇంకొంచెం కాలాలె, సారూ” అన్నది.