ఆ క్రాక్ పక్కన పెట్టు బిడ్డా

బిడ్డా, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్నావట, సంతోషం. బచ్చన్నపేట నుంచి రోజూ జనగామకు బస్సెక్కి చదువుకు పోయే పిల్లల చేతిలో కంప్యూటర్ ఉండాల్సిందే. కానీ తెచ్చిన సాయంత్రం నుంచే పెన్‌డ్రైవ్ పట్టుకొని, ఎంఎస్ ఆఫీసుకు క్రాక్, ఫొటోషాప్‌కు క్రాక్ అంటూ, పైసలు కట్టకుండా నడిపే ఆ దొంగ తాళాల కోసం దోస్తుల ఇండ్ల చుట్టూ తిరుగుతున్నావని విన్నాను. జర ఆగు. ఇట్లా కూర్చొని నా మాట విను.

ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యమంటుంది. ఎందుకు ఆపమంటుందో ఎన్నడన్నా ఆలోచించావా? వాకిట్లో కుక్కను కట్టేసి, ముఖం తెలియని మనిషిని రాత్రిపూట ఇంట్లోకి పిలిచినట్టే కదా అది! ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ బాపు బ్యాంకు పని చేసుకుంటాడు. నీ పదో తరగతి మెమో, ఆధార్ కాపీ, స్కాలర్‌షిప్ దరఖాస్తు అన్నీ అందులోనే. పాస్‌వర్డ్ ఒకటి దొంగ చేతికి పోతే పోయేది నీ ఒక్కరిది కాదు, వడ్లు అమ్మి వేసుకున్న ఇంటి డబ్బు పోతుంది. నీకు చెడ్డ బుద్ధి ఉందని అనడం లేదు. అందరూ చేస్తున్నారు కదా అని తొందరపడుతున్నావు, అంతే.

అసలు ఆ దొంగతనంతో నీకు పనేముంది? రాతకు, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్ ఉంది. ఫొటోలకు గింప్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, పాట రికార్డింగుకు ఆడాసిటీ ఉన్నాయి. ఏదీ పైసా అడగదు, ఏదీ దొంగ సరుకు కాదు. నువ్వు సినిమాలు చూసే వీఎల్‌సీ కూడా ఆ కోవదే. 1996లో పారిస్ దగ్గర కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన పని అది. విండోస్ బదులు ఊరికే వాడుకోగల లినక్స్‌కు పునాది వేసిననాడు, 1991లో, లినస్ టోర్వాల్డ్స్‌కు 21 ఏండ్లే. నీ ఈడు పిల్లలే బిడ్డా! నలుగురూ చూసి దిద్దుకునేటట్టు రాసిందంతా బయటపెట్టారు. అట్లాంటిది చేతికి అందుతుంటే క్రాక్ ఎందుకు?

అట్లని నా మాట విని ఈ రాత్రికే విండోస్ తుడిచేసి లినక్స్ పెట్టేవు, అదీ వద్దు. ఇదీ తొందరే, అదీ తొందరే. ముందు ఉన్న విండోస్‌లోనే లిబ్రేఆఫీస్ వేసుకొని కొన్నాళ్లు అలవాటు పడు. దాన్ని కూడా చేసినవాళ్ల సొంత సైటు నుంచే దించుకో. కనబడ్డ ప్రతి డౌన్‌లోడ్ బటన్ నొక్కకు. కాలేజీకి ఫైలు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపు, లేకపోతే వరుసలు చెదిరిపోతాయి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నీది విండోస్ 11 ఎక్కని పాత మిషను అయితే అప్పుడు లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ చూడు. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే సాఫీగా ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, లోపలిది ఏదీ చెరిగిపోదు. వైఫై తగులుతుందా, మీ ప్రింటర్ పలుకుతుందా చూసుకో. ఖాతాల లెక్కలకు ట్యాలీ నేర్చుకునే ఆలోచన ఉంటే విండోస్ తీసెయ్యకు, రెండూ పక్కపక్కన ఉండనీ. ముందు తెలుసుకో, తర్వాతే మార్చు.

తెలుగు సంగతి ఇంకొకటి ఉంది, ఇది నాకు మనసుకు దగ్గరిది. ఫ్లెక్సీ షాపులో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలై కూర్చుంటుంది. నువ్వు మొదటినుంచీ ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోనే రాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు మన బమ్మెర పోతన పేరు మీద ఒక యూనికోడ్ ఫాంటు చేసి అందరికీ పంచిపెట్టారు, అది డెబియన్ లినక్స్‌లో కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చుట్టూ చేరిన విద్యార్థులు లినక్స్‌లోని మాటలను తెలుగు చేశారు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి, కోచింగ్ ఫీజు కట్టకుండానే లిబ్రేఆఫీస్ నేర్చుకోవచ్చు. కేరళలో సర్కారు బడి పిల్లలు ఏండ్ల నుంచి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన పిల్లలకు రాదా?

ఊరికే తీసుకున్నవాళ్లు ఊరికే కూర్చోకూడదు. తప్పు తర్జుమా కనబడితే రాసి పంపు, పక్కింటి పిల్లలకు టైపింగ్ నేర్పు. రేపు సెలవుల్లో లినక్స్ పెట్టే పని పడితే మీ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకొని ప్రతి బటన్ వాడి చేతనే నొక్కించు. ఇంటి ఫొటోలు, మెమోలు ముందే వేరే డిస్క్‌లోకి కాపీ అయ్యాయా, అక్కడ తెరుచుకుంటున్నాయా అన్నది మాత్రం నువ్వే చూసుకో.