పౌలు చాటుగా వెళ్ళనన్న ఉదయం

వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 16:19–40

ఫిలిప్పీ రిటైరైన సైనికుల ఊరు. క్రీస్తుపూర్వం 42లో ఆ పట్టణం పక్కనే పెద్ద యుద్ధం జరిగింది. గెలిచిన ఆంటోనీ కొలువు ముగిసిన తన సైనికులకు అక్కడే భూములిచ్చి స్థిరపరిచాడు. తరవాత అగస్టస్ మరికొందరిని తెచ్చాడు. రోమా పౌరుడి ఒంటి మీద చెయ్యి వేయాలంటే ముందు విచారణ జరగాలని ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు ఉండరు. అక్కడే, నోరు విప్పి చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వకుండా, అందరి ముందూ రోమా పౌరులైన పౌలునూ సీలనూ బట్టలు లాగి బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేయించారు.

మన సంఘాల్లో యౌవనమంతా సైన్యంలో గడిపి వచ్చిన పెద్దలున్నారు. వాళ్ళ భార్యలున్నారు, భర్త పోయాక ఫ్యామిలీ పింఛను కోసం తిరుగుతున్న తల్లులున్నారు. డిశ్చార్జి బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. పింఛను పోర్టల్ స్పర్శ్‌లో ఏదో సరిపోలేదని కాగితం తిరిగొస్తుంది. వేటపాలెం స్టేషన్లో తెల్లవారుజామునే బండెక్కి ఆఫీసుకు చేరితే, "ఏమయ్యా, ఒకసారి చెప్తే అర్థం కాదా" అని కొడుకు వయసువాడు కసురుకుంటాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనడు. ఇంకోచోట ఇంకొకరు గొంతు తగ్గించి, చెయ్యి తడిపితే ఫైలు కదులుతుందంటారు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాక అక్కడ జరిగిందంతా ఆ పెద్దాయన భార్యకు చెప్పడు. సగమే చెబుతాడు.

రిపోర్టు చెయ్యాలా, ఊరుకోవాలా? "మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే వెళ్ళాలి కదండీ, ఎందుకొచ్చిన గొడవ" అంటుంది భార్య. "ఫైలు తొక్కిపెడితే?" అంటాడు కొడుకు. ఈ రెండు భయాలూ నిజమైనవే, వాటిని తేలిగ్గా తీసెయ్యను. మూడో మాట ఒకటి వస్తుంది, అది మనలాంటి విశ్వాసుల నోటి నుంచే వస్తుంది: "క్షమించమని కదా ప్రభువు చెప్పింది." ఈ మాట దగ్గరే ఇవాళ కాసేపు ఆగాలి.

ఆ రాత్రి పౌలు ఏం చేశాడో చూడండి. కాళ్ళు బొండలో ఉన్నాయి, వీపు పచ్చి పుండు. భూకంపానికి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసుకుంటే, అందరం ఇక్కడే ఉన్నామని కేకవేసి అతని ప్రాణం కాపాడింది పౌలే. తన కాళ్ళను బొండలో బిగించిన మనిషినే క్షమించాడు, అతని ఇంట్లో అన్నం తిన్నాడు, ఇంటిల్లిపాదికీ బాప్తిస్మమిచ్చాడు. తెల్లవారింది. న్యాయాధిపతులు బంటుల్ని పంపి, ఇక వెళ్ళిపొమ్మన్నారు. అదే పౌలు కదలనన్నాడు. కొట్టింది బహిరంగంగా, పంపడం చాటుగానా? వాళ్ళే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలి అన్నాడు. రాత్రి చూపిన క్షమ తెల్లారేసరికి ఆవిరైపోలేదు. వాళ్ళకూ బెత్తం దెబ్బలు పడాలని అడగలేదు, ఉద్యోగాలు పోవాలని అడగలేదు. చేసిన పనికి చేసినవాళ్ళే వచ్చి జవాబు చెప్పాలన్నాడు, అంతే. వీళ్ళు రోమా పౌరులని విని న్యాయాధిపతులు భయపడి వచ్చారు, బతిమాలుకున్నారు.

ఎందుకడిగాడో లూకా విడమరిచి చెప్పలేదు. చెరసాల నుంచి పౌలు నేరుగా ఎక్కడికి వెళ్ళాడో మాత్రం రాశాడు. లూదియ ఇంటికి. కొత్తగా నమ్మిన సహోదరులు అక్కడున్నారు. పౌలు ఆ రోజే ఊరు విడిచిపోతాడు, వాళ్ళు అక్కడే బతకాలి. పౌలును కొట్టి దొంగచాటుగా పంపేస్తే రేపు వాళ్ళను కొట్టడానికి ఎవరు జంకుతారు? నేను ఈ భాగాన్ని ఇలాగే చదువుతాను. మీ తరవాత వరుసలో చదువురాని ఒక జవాను భార్య నిలబడి ఉంది. మీకు జరిగింది ఆమెకూ జరుగుతుందనిపిస్తే, మీ ఫిర్యాదు ఆమె కోసం కూడా.

అయితే ప్రతి చికాకూ ఫిర్యాదు కాదు. సర్వరు పనిచెయ్యకపోవడం, సారు సెలవులో ఉండటం, పని ఒత్తిడిలో గుమాస్తా ఒకపూట విసుక్కోవడం వేరు. అలాంటప్పుడు ఒంటరిగా వెళ్ళి నెమ్మదిగా మాట్లాడితే చాలాసార్లు సరిపోతుంది. ఆ ఆఫీసుల్లో మాజీ సైనికులే పనిచేస్తున్న చోట్లున్నాయి, దగ్గర కూర్చోబెట్టుకుని కాగితం పూర్తిచేసి పంపేవాళ్ళున్నారు. కానీ లంచం అడగడం, అర్జీకి రసీదు ఇవ్వకపోవడం, హక్కుగా వచ్చేదాన్ని రాదని అబద్ధం చెప్పడం, వయసునూ వైధవ్యాన్నీ అలుసుగా తీసుకుని అవమానించడం, వీటిని విసుగు ఖాతాలో వెయ్యకూడదు. పింఛను దయాదానం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ అర్జీదారుల్లో సాయుధ దళాల నుంచి రిటైరైనవారూ ఉన్నారు. కోర్టుకెక్కినవాళ్ళు కొద్దిమందే, ఆ తీర్పు లక్షలమంది పింఛనుదారులకు అండ అయింది.

ఫిర్యాదు రాసేటప్పుడు, అబద్ధసాక్ష్యం పలకొద్దన్న తొమ్మిదో ఆజ్ఞ గుర్తుండాలి. తేదీ, వేళ, ఏ సీటు, అన్న మాట అన్నట్టుగా. కోపం కలపొద్దు, అనని మాట చేర్చొద్దు, మీరు కసిరి ఉంటే అదీ దాచొద్దు. 1918లో గ్రంథాలయం పెట్టుకుని, పాత పత్రికలను ఇన్నేళ్ళు భద్రపరుచుకున్న ఊరు మనది. రాసి దాచిన కాగితం విలువ వేటపాలెం వాళ్ళకు కొత్తగా చెప్పాలా? ఆ కాగితం ముందు ఆ ఆఫీసు పై అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. కేంద్ర శాఖల మీద అయితే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టవచ్చు. జిల్లా స్థాయిలో సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064. గత్యంతరం లేక ఇచ్చినా, ఏడు రోజుల్లోగా అధికారులకు చెబితే ఇచ్చినవారిని నేరస్థులుగా చూడకూడదని 2018లో సవరించిన చట్టం చెబుతోంది.

ఇవాళ రాయలేని వాళ్ళూ ఉంటారు. ఆపరేషనుకు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ రిఫరల్ ఇంకా చేతికి రాని మనిషిని ధైర్యం లేదని తప్పుపట్టకండి. పౌలు బెత్తం దెబ్బలు తిన్నది మూడుసార్లని తానే కొరింథీయులకు రాశాడు. వచ్చి జవాబు చెప్పమన్నట్టు మనకు కనిపించేది ఫిలిప్పీలో ఒక్కచోటే. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఓర్చుకోవాలో ఆయనా తూచుకునే ఉంటాడు. రాయలేని పెద్దల తరఫున సంఘంలోని మనం రాయవచ్చు. సెలవురోజు కాకుండా పనిరోజున ఒకపూట పని మానుకుని వాళ్ళతో బండెక్కవచ్చు, ఆ కిటికీ దగ్గర పక్కన నిలబడవచ్చు.

ప్రార్థన: ప్రభువా, పిలాతు అధికారమందిరంలో నిన్ను ఎగతాళి చేసినవాళ్ళూ సైనికులే. శతాధిపతి విశ్వాసాన్ని చూసి ఆశ్చర్యపడినవాడివీ నీవే. మా ఊరి మాజీ సైనికుల తలలు ఏ ఆఫీసులోనూ వంగకుండా చూడు. ఈ వారం అర్జీ రాయబోయే చేతికి నిజం తప్ప మరేదీ రాయని స్థిరత్వమివ్వు. ఆ అర్జీ చదవబోయే అధికారికి వినే మనసివ్వు. కసురుకున్న ఆ కుర్రవాడినీ అతని ఇంటినీ ఆశీర్వదించు. ఆమెన్.