బోనులో నిలబడి కథ రాయగలమా?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. తెలుగులో ముస్లిం గొంతు కవిత్వంలో ముందు పలికిందంటే దానికో కారణం ఉంది. కవిత్వంలో 'నేను' అని మొదలుపెట్టి ఎదుటివాణ్ణి నిలదీయొచ్చు. కథకి నేనొక్కణ్ణే సరిపోను. ఇంకో మనిషి కావాలి. ఆ మనిషికి ఏదో కావాలి. అది దొరక్క వాడు ఏదో ఒకటి చెయ్యాలి. చేసేది తప్పు కూడా కావచ్చు. సరిగ్గా ఇక్కడే మన కథకుడి చెయ్యి ఆగిపోతుంది.

ఎందుకాగుతుంది? పెళ్లాన్ని కొట్టే మొగుణ్ణి ఎవరైనా రాస్తే అది ఆ మొగుడి కథ. వాడికి ఖాసిం అని పేరు పెట్టామా, ఇక అది ఖౌమ్ మొత్తం కథ! "చూశారా, మేం చెప్పలా?" అనేవాళ్లు అటు కాచుకుని ఉంటారు. "ఇంటి గుట్టు బజారున పెడతావా బేటా?" అని ఇటు పెద్దలు. రెండు గొంతులూ చెవుల్లో మోగుతుంటే కలం తనంతట తానే ఖాసింని దేవుడిలాంటి మనిషిని చేసేస్తుంది. సినిమాల్లో హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచాని చూసి నవ్వుకుంటాం. మనం రాసే మచ్చలేని ఖాసిం ఆ చాచాకి స్వయానా తమ్ముడు కాదా?

దెబ్బలు తింటున్న సమాజంలోని చెడుని దాని బిడ్డే రాయొచ్చా అన్నది నీతి ప్రశ్న. జవాబు మాత్రం కథ అల్లికలోనే దొరుకుతుందని నా నమ్మకం.

ప్రేమ్‌చంద్ 'ఈద్గా' (1933) చూడండి. హామీద్ జేబులో మూడు పైసలు. తోటి పిల్లలు మట్టి సిపాయినీ, భిస్తీనీ, వకీలునీ కొనుక్కుంటారు. వీడు పట్టకారు కొంటాడు, రొట్టెలు తీసేటప్పుడు దాదీ అమీనా వేళ్లు కాలుతున్నాయని. మనకి గుర్తుండేది ఇంతే. పిల్లలకి చెప్పేటప్పుడు దీన్ని త్యాగం పాఠం చేసేస్తాం కూడా. మళ్లీ చదవండి. హామీద్‌కి మిఠాయి మీద ఆశ ఉంది. వీడికి ఇచ్చినట్టే ఇచ్చి మోహ్‌సిన్ తన నోట్లో వేసుకుంటే వీడికి ఉక్రోషమొస్తుంది. పట్టకారు కొన్నాక వాడు చేసే వాదన చూడాలి! సిపాయి ఏంటి, వకీలు ఏంటి, నా పట్టకారు ముందు అందరూ మట్టే అని దబాయిస్తాడు. నోటి దురుసుతో గెలుస్తాడు. ఆ ఆశా, ఆ దబాయింపూ లేకపోతే పట్టకారుకి బరువెక్కడిది? ప్రేమ్‌చంద్ ముస్లిం కాదు. అయినా ముస్లింలు మంచివాళ్లని సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ కథ రాయలేదు.

ఇక ఇంట్లోవాళ్లే రాస్తే? కన్నడంలో బాను ముష్తాక్ ఉన్నారు. హాసన్‌లో వకీలు. మసీదులో ఆడవాళ్ల నమాజు హక్కు గురించి మాట్లాడినందుకు 2000లో సాంఘిక బహిష్కరణ ఎదుర్కొన్న మనిషి. ఆమె 12 కథలు దీపా భాస్తి ఇంగ్లీషు అనువాదంలో 'హార్ట్ ల్యాంప్'గా వచ్చి, 2025లో అంతర్జాతీయ బుకర్ గెలిచాయి. వాటిలో 'రెడ్ లుంగీ' అని ఒకటుంది. వేసవి సెలవులు. ఇంటినిండా పిల్లల గోల. భరించలేక రజియా ఇంట్లో మగపిల్లలకి ఒడుగులు చేయిద్దామనుకుంటుంది, కొన్నాళ్లు మంచం మీద పడుంటారని! పనిలో పనిగా పేదపిల్లలకీ. తన కొడుక్కి డాక్టరు, వాళ్లకి పాతకాలపు పద్ధతి. తీరా పేదవాడి పుండే ముందు మానుతుంది.

రజియా దుర్మార్గురాలా? కాదు. పుణ్యాత్మురాలా? అదీ కాదు. దానం చేస్తూనే తన పిల్లాణ్ణి వేరు చేసుకుంది. అలాంటి అత్తలూ పిన్నులూ ఏ మతంలో లేరు? తప్పు మొత్తం మతానిది కాకుండా ఆ ఇల్లాలిది కావడానికి కారణం, ఆ గోలా, ఆ విసుగూ మనం కళ్లారా చూడటమే. మనల్ని ద్వేషించాలని వచ్చేవాడు దీన్నీ వాడుకుంటాడు, కాదనను. వాడు రేషన్ కార్డు చూపించినా నేరంగానే చదువుతాడు. వాడి కోసం రాయక్కర్లేదు.

నన్ను అసలు తొలిచే మాట వేరు. ఖాసింని మంచివాణ్ణి చేసి సమాజం పరువు నిలబెట్టామనుకుందాం. దెబ్బలు తిన్న ఆయన భార్య ఎక్కడికి పోయింది? కథలోంచి మాయమైంది. ఖౌమ్ పరువు కోసం ఆమె నోరు మూశాం. బయటివాళ్లు మనకి చేస్తున్నారని మనం మొత్తుకునేది ఇదే కదా?

ఒక మిత్రుడు సూటిగా అడిగాడు. "సరే భాయ్, ఊళ్లో అల్లర్లు జరిగిన వారం ఆ కథ అచ్చుకిస్తావా?" ఇవ్వను. రాయడం ఆపను, ఖాసిం పేరు మార్చను, ఆమె ఒంటి మీద వాతలు ఒక్కటీ తగ్గించను. కాగితాలు బీరువాలో పెట్టి, అల్లరి సద్దుమణిగాక పంపిస్తాను. సద్దుమణిగే దాకా అన్నిసార్లూ ఆగగలనా అంటే, ఆ స్త్రీ ఆగగలదా అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క ఇంకా తేలలేదు.