కెంటకీ వెళుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

జులైలో నాలుగు రోజులు సెలవు పెట్టి కెంటకీ వెళుతున్నామని చెప్పి, ఏ ఊళ్ళో ఏ బర్బన్ విస్కీ సీసా దొరకొచ్చో రాసుకున్న షీటు పంపావు. నాలుగు డిస్టిలరీలు, పదకొండు దుకాణాలు. చదువుతుంటే ముచ్చటేసింది. ఆ పిచ్చి పట్టిన రోజులు నాకూ ఉన్నాయి. అయితే ఆ షీటులో మీ అమ్మకోసం, నీ భార్యకోసం, మీ బుజ్జిదానికోసం ఒక్క గంటయినా కనిపించలేదు. ఫోనులో చెబితే నువ్వు "సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సీసాల వేట మానెయ్యమని చెప్పను. బర్బన్ అంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. రంగుకోసం, రుచికోసం ఏదీ కలపకూడదు. ఇంత కట్టుబాటులో కాచినా ఏ రెండు పీపాలూ ఒక్కలా రావు. గోదాములో పై అంతస్తున వేడికి మగ్గింది ఒక రకం, కింద చల్లగా పడున్నది ఇంకో రకం. ఏటా కొంత ఆవిరైపోతుంది, దేవదూతల వాటా అంటారు దాన్ని. ఇరవై ఏళ్ళు ఉంచిన పీపాలో చివరికి మిగిలేది కొంచెమే. ఇప్పుడు జనం ఎగబడుతున్న ప్యాపీ వాన్ వింకిల్ ఎన్నో ఏళ్ళ కిందట నింపి మూసిన సరుకు. గిరాకీ పెరిగిందని ఇవాళ పీపాలు నింపితే అది చేతికొచ్చేసరికి బుజ్జిది కాలేజీకి వెళుతుంది. కొరతకు అసలు కారణం అదీ. దానికి మన తహతహ తోడైంది. 2013లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫెలో ట్రేస్ డిస్టిలరీ నుంచే ఆ సీసాలు పెట్టెలకు పెట్టెలు మాయమై పోలీసు కేసయింది.

ఇక నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

2009 జులై. మీ అమ్మమ్మ తెనాలి నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చింది. మీ తాతయ్యతో కలిసి బొర్రా గుహలు చూసిన సంబరం ఆవిడకు ముసలితనంలోనూ పోలేదు. ప్రపంచంలోకెల్లా పొడవైన గుహ కెంటకీలోనే ఉందమ్మా, మామత్ కేవ్, తీసుకెళతానని ఊరించింది నేనే. లోపల చలిగా ఉంటుందన్నానని, ఆ మండుటెండలో కారెక్కుతూ శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

అప్పట్లో నాది పాత సీసాల వేట. చిన్న ఊళ్ళ దుకాణాల్లో, కింది అరలో, ఎవరూ కొనక దుమ్ము పట్టి మిగిలినవాటికోసం వెతికేవాణ్ణి. గుర్తుపట్టడం ఒక విద్య. మూత మీదుగా పన్ను పట్టీ అతికించి ఉంటే అది 1985 నాటిదో, అంతకు ముందుదో. పట్టీ ఆకుపచ్చగా ఉంటే బాటిల్డ్ ఇన్ బాండ్. అంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజనులో కాచి, సర్కారు తాళం కింద కనీసం నాలుగేళ్ళు ఉంచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాలుతో నింపింది. గర్భిణులకు హెచ్చరిక లేబుల్ మీద లేకపోతే 1989కి ముందు సరుకు. ఇవన్నీ నోటికొచ్చినవాడికి దుకాణం బోర్డు కనిపిస్తే బ్రేకు మీద కాలు పడకుండా ఉంటుందా?

పొద్దున్నే బార్డ్స్‌టౌన్‌లో బయల్దేరాం. "ఇదొక్కటే" అంటూ ఐదుచోట్ల ఆగాను. ప్రతిచోటా "ఐదు నిమిషాలు" అన్నాను, ఏ ఒక్కచోటా ఐదు నిమిషాల్లో రాలేదు. మీ అత్తయ్య కారు ఇంజను ఆపకుండా ఏసీలో కూర్చుంది. అమ్మ ఒక్కమాటా అనలేదు. ఐదో దుకాణంలో ఆకుపచ్చ పట్టీతో ఓల్డ్ ఫిట్జెరాల్డ్ దొరికింది. లూయివిల్‌లో 1935 డర్బీ రోజున తెరిచి, 1992లో కాయడం ఆపేసిన స్టిట్జెల్ వెల్లర్ సరుకు. నా చేతులు వణికాయి. నిజం.

గుహ ఉన్నచోట గడియారం బార్డ్స్‌టౌన్ కంటే ఒక గంట వెనక ఉంటుంది. ఆ గంట కలిసొస్తుందని లెక్క వేసుకుని దాన్నీ దుకాణాల్లోనే ఖర్చు పెట్టాను. వెళ్ళేసరికి ఆ రోజు టికెట్లన్నీ అయిపోయాయి. రేంజరు వెంట ఆఖరి గుంపు మెట్లు దిగిపోతోంది. గుహ నోటి దగ్గర పైకి చల్లగాలి తన్నుకొస్తుంది కదా, అమ్మ అక్కడ కాసేపు నిలబడి శాలువా కప్పుకుంది. "పోనీలేరా, గాలయినా తగిలింది" అంది. మర్నాడు నాకు ఆఫీసు. మళ్ళీ తీసుకొస్తానన్నాను. ఆవిడ మళ్ళీ అమెరికా రాలేదు. 2013లో పోయింది.

ఆ సీసా ఇంకా నా బీరువాలోనే ఉంది. మూత తియ్యలేదు. పీపాలోంచి బయటికొచ్చాక బర్బన్ ముదరదు, ఎన్నేళ్ళు దాచినా అది అదే. తెరిచి ఎవరికి పొయ్యాలో నాకు తోచక అలాగే ఉంచాను.

అందుకని నాయనా, ముందు గుహ టికెట్లు కొను. జులైలో అప్పటికప్పుడు దొరకవు. మీ అమ్మ మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి వందల మెట్లున్న టూరు వద్దు. ఫ్రోజెన్ నయాగరా అని చిన్నది ఉంది, ద్వారం దాకా బస్సులో తీసుకెళతారు, నడక తక్కువ. ఆ రోజు ఒక్క దుకాణం దగ్గరా ఆగొద్దు.

వేటకు ఒక పొద్దుట చాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బఫెలో ట్రేస్ వాళ్ళ దుకాణం తెరవకముందే వరస కడతారు. మీవాళ్ళు హోటల్లో నిద్ర లేవకముందే నువ్వొక్కడివే వెళ్ళి నిలబడు. ఆ రోజు బ్లాంటన్స్ పెడతారో, ఈగిల్ రేర్ పెడతారో, వెల్లర్ పెడతారో నీ అదృష్టం. దొరికింది తీసుకుని టిఫిన్ వేళకు వచ్చెయ్. తర్వాత అందరూ కలిసి డిస్టిలరీ చూడండి. టూరుకు డబ్బు తీసుకోరు, ముందే పేరు రాయించుకోవాలి. బ్లాంటన్స్ మూతల మీద గుర్రం, రౌతు బొమ్మలుంటాయి. ఎనిమిది భంగిమలు, ఒక్కోదానిమీద ఒక్కో అక్షరం. వరసగా పెడితే గుర్రం బయల్దేరి గెలుపు గీత దాటినట్టు ఉంటుంది. బుజ్జిదానికి చూపించు, సీసా నీకు, మూత దానికి.

ధర దగ్గర జాగ్రత్త. మీ ఒహాయోలో ధర కట్టేది సర్కారు, అరుదైనవాటికి లాటరీ తీస్తారు. ఆ అలవాటుతో కెంటకీ దుకాణంలో అడుగుపెడితే కళ్ళు తిరుగుతాయి. అక్కడ యజమాని చెప్పిందే ధర. ఇంటి దగ్గర బయల్దేరే ముందే ఒక్కో సీసాకు నీ పై అంకె కాగితం మీద రాసుకో. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట మనసులో మెదిలిందంటే దుకాణంలోంచి బయటికి వచ్చెయ్. నేను ఎక్కువ పోసి కొన్న ప్రతి సీసా ఆ మాట మీదే కొన్నాను.

పాతవాటి రుచి చూడాలనుంటే సీసా కొనక్కర్లేదు. ఇళ్ళల్లో ఉన్న పాత సీసాలను లైసెన్సున్నవాళ్ళు కొని అమ్ముకోవచ్చని 2018 నుంచి అక్కడ చట్టం ఉంది. అలాంటివి గ్లాసుల్లో పోసి అమ్మేచోట ఒక్క ఔన్సు అడుగు. నెమ్మదిగా తాగు. మూడొందల డాలర్ల కోరిక ముప్ఫయ్యో నలభయ్యో డాలర్లలో తీరుతుంది. పార్కింగ్ లాటులో డిక్కీ తెరిచి ప్యాపీ చూపించేవాడి దగ్గరికి మాత్రం పోవద్దు. అలా అమ్మడం నేరం, పైగా ఖాళీ సీసాలు సంపాదించి అందులో వేరేది నింపి అమ్మేవాళ్ళున్నారు.

కారు నడిపేది నువ్వొక్కడివే. రుచి చూసే గదిలో చుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తే ఎవరూ తప్పుగా అనుకోరు. మూత తీసిన సీసా మనుషులు కూర్చునేచోట ఉండకూడదు. కొన్నవి ఎండలో డిక్కీలో వదలకు, వేడికి బిరడా వదులై కారుతుంది. రాత్రికి గదిలోకి తెచ్చుకో, నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే సారా బిరడాను తినేస్తుంది.

ఇంకోమాట. మీ అమ్మ తిరిగి ఇండియా వెళ్ళేటప్పుడు మీ నాన్న తమ్ముడికోసం ఆవిడ పెట్టెలో రెండు సీసాలు సర్దుతానన్నావట. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు, నిజమే. అయినా శంషాబాదులో కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరవమంటే జవాబు చెప్పాల్సింది ఆవిడ. జన్మలో సీసా ముట్టని మనిషిని ఆ ఇరకాటంలో పెట్టకు. నువ్వు వెళ్ళినప్పుడు నీ పెట్టెలో తీసుకెళ్ళు.

కొన్నవాటిలో ఒకటయినా ఆ ప్రయాణంలోనే తెరువు. ఏ సాయంత్రమో హోటలు వరండాలో నీ భార్యకు ఇష్టమైతే ఆమెకూ కొంచెం పొయ్యి. మీ అమ్మ చూస్తే ఏమనుకుంటుందోనని దాచకు, ఆవిడకు ఎప్పుడో తెలుసు. క్రిస్మస్ సెలవులకు మీరు ఇక్కడికి రండి, నా ఓల్డ్ ఫిట్జెరాల్డ్ మూత నువ్వే తీద్దువుగాని.

గుహలో ఎండాకాలంలోనూ 54 డిగ్రీల ఫారన్‌హీటే ఉంటుంది, మనవాళ్ళకు చలి. అమ్మ శాలువా మీ అమ్మ దగ్గరే ఉంది. పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకోమని నిన్న నేనే ఫోన్ చేసి చెప్పాను.

మీ మావయ్య