సగము నక్షత్రము

పఠనము: మార్కు 10:13-16

ఇంద్రావతీ తీరమున, బస్తరు ముఖ్యపట్టణమగు జగదల్‌పూరులో, జనులు ‘లాల్ చర్చి’ యని పిలుచు ఎఱ్ఱని మెథడిస్టు దేవాలయమున్నది. 1890లలో ఆ ప్రాంతమునకు సువార్త గొనిపోయిన ఛార్లెస్ వార్డు, అంతకుముందు నైజాము రాజ్యములో తెలుగువారి మధ్య పనిచేసినవాడు. 1876-78 నాటి మహా క్షామమున దిక్కులేనివారైన పిల్లలను చేరదీసి పెంచినవాడు.

నేడు డిసెంబరు వచ్చినచో జగదల్‌పూరులోనైనను గుంటూరులోనైనను విశ్వాసుల యిండ్లలో సందడి యొక్కటే: గోడలకు సున్నము, పిండివంటలు, పాటల అభ్యాసము, రాత్రివేళ కేరల్స్. తండ్రి సంఘపెద్ద, తల్లి స్త్రీల సమాజపు కార్యదర్శి. వెదురుపుల్లలతో నక్షత్రము కట్టుచున్న బిడ్డ, “నాన్నా, ఈ దారము కొంచెము పట్టుకొనవా?” అని పిలుచును. “రేపు” అని జవాబు. రేపును వచ్చును, జవాబు మారదు. పండుగ ఉదయమున బిడ్డకు క్రొత్తబట్టలు తొడిగి గుడికి తోడ్కొని పోవుదురు. ఇంట నక్షత్రము సగమే.

క్షామము కొందరిని అనాథలను జేసెను. తలిదండ్రులుండగనే పండుగ మరికొందరిని అట్లు చేయుచున్నది.

శిష్యులు పిల్లలను అడ్డగించినది ప్రభువు పనికి భంగము కలుగకుండుటకే. అది వారికి భక్తిగానే తోచెను. ఆయనకో కోపము వచ్చెను. యెరూషలేమునకు, సిలువకు, పోవు త్రోవలో నున్నవానికి ఒక్కొక్కరిని అక్కున జేర్చుకొని దీవించుటకు తీరిక దొరికెను. అక్కున జేర్చుకొనుటకు చేతులు ఖాళీగా నుండవలెను గదా!

చదువరీ, నేటి రాత్రి ఆ దారము పట్టుకొనుము.

ప్రార్థన: శిశువుగా మా యొద్దకు వచ్చిన ప్రభువా, మా శిశువుల యొద్ద కూర్చుండు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.