ఒంటరిగా విడువబడని తీరము

పఠనభాగము: అపొస్తలుల కార్యములు 27:39–28:15

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది యుండిరి. ఓడ బద్దలైనప్పుడు సైనికులు, నావికులు, ఖైదీలు అందరును ఈదియో, పలకలు పట్టుకొనియో మెలితే ద్వీపము చేరిరి. వర్షము, చలి. ద్వీపవాసులు వారెవరని మొదట విచారించినట్లు లూకా వ్రాయలేదు. నిప్పు రాజేసిరని వ్రాసెను. సర్పము చేతిని పట్టినప్పుడు పౌలు నరహంతకుడని వారు అనుమానించిరి. అయినను ఆ అనుమానము మంటను ఆర్పలేదు. వారి ఉపచారమునకు లూకా వాడిన గ్రీకు మాట ‘ఫిలాంత్రోపియా’, అనగా మనుష్యప్రేమ.

ఆ మెలితేయే నేటి మాల్టా అని సంఘ సంప్రదాయము. 2018 జూన్ నెలలో ‘అక్వేరియస్’ అను నౌక మధ్యధరా సముద్రమునుండి రక్షింపబడిన సుమారు 630 మందితో వచ్చినప్పుడు ఇటలీ తన రేవులు మూసెను, మాల్టాయు చేర్చుకొనలేదు. తుదకు స్పెయిను అంగీకరింపగా వారు జూన్ 17న వలెన్సియా చేరిరి.

ఈ కాఠిన్యము వెనుక భయము కలదు. నాటి డబ్లిన్ నియమము ప్రకారము, ఆశ్రయార్థి మొదట అడుగుపెట్టిన దేశమే సాధారణముగా అతని విన్నపమును విచారింపవలెను. కావున రేవు తెరచిన దేశము, భారమంతయు తనపైనే నిలుచునని జంకెను. 2019 సెప్టెంబరు 23న మాల్టాలోనే జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, మాల్టా మంత్రులు, రక్షింపబడినవారిని పంచుకొనుటకు తాత్కాలికమైన ఏర్పాటు ఒకటి ప్రకటించిరి. అది ఇష్టపూర్వకమైనదే గాని నిర్బంధము కాదు. 2024లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన చట్టము భారము పంచుకొనుటను విధిగా చేసెను. అయితే మనుష్యులను చేర్చుకొనుటకు బదులు ధనమిచ్చుటకును అందు త్రోవ కలదు.

లూకా వృత్తాంతము మెలితేతో ముగియలేదు. పొప్లి మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. మూడు నెలలైన పిమ్మట ద్వీపవాసులు ప్రయాణమునకు కావలసినవి సమకూర్చిరి. అక్కడ చలికాలము గడిపిన అలెక్సంద్రియ ఓడ పౌలును మోసికొనిపోయెను. పొతియొలీ సహోదరులు అతనిని ఏడు దినములు ఉండుమని వేడుకొనిరి. రోమా సహోదరులు త్రిసత్రములవరకు ఎదురువచ్చిరి. వారిని చూచి పౌలు ధైర్యము తెచ్చుకొనెను. ఒక తీరము నిప్పు రాజేసెను. తక్కినవారు ముందుకు వచ్చి ఆ సేవను కొనసాగించిరి.

సముద్రము లేని ఊరి సంఘమునందును ఆ పాత నియమమే నడచుచుండును. దిక్కులేని విధవరాలు మొదట ఎవరి గుమ్మము తట్టెనో ఆ యింటివారిదే భారమని తక్కినవారు ఊరకుందురు. కొంతకాలమునకు ఆ తలుపును మూతపడును. అప్పుడు సంఘమంతయు ఆ యింటివారిని నిందించును. తలుపు మూసినవారు దేవునికి లెక్క చెప్పవలసినదే; వారిని ఒంటరిగా విడిచినవారును లెక్క చెప్పవలసినదే. నేడు సంఘములో ఏ యిల్లు ఒంటరిగా మోయుచున్నదో కనుగొని, అక్కడికి ఎదురువెళ్లుట విశ్వాసి చేయవలసిన పని.

ప్రార్థన: సముద్రమునకు ఎల్లలు నియమించిన ప్రభువా, నీళ్లలోనుండి తీయబడినవారికి తీరమును, తీరమున నిలిచినవారికి తోడ్పాటును దయచేయుము. ఇతరుల భారము చూచి తొలగిపోవు హృదయములను క్షమించి మార్చుము. ఆమేన్.